ఏడవని బిడ్డ ఆకలి కనిపెట్టడం ఎలా? నెలలు నిండని పిల్లల పాలు, తూకం, ఎదుగుదల

మా పాప జూన్ 5న పుట్టింది. పుట్టాల్సింది ఆగస్టు 14న. తూకం 1,340 గ్రాములు. కిలోన్నర టమాటాల సంచి కూడా అంతకంటే బరువుంటుంది. తిరుపతిలో 36 రోజులు ఆస్పత్రిలో ఉండి పాకాల దగ్గర మా ఊరికి వచ్చాం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. పాత సిలబస్‌లో పదో తరగతిలో ఆకలి గురించి ఒక పాఠం ఉండేది. పొట్ట ఖాళీ అయితే గ్రీలిన్ అనే హార్మోన్ విడుదలై మెదడుకు ఆకలి కబురు పంపుతుంది, లెప్టిన్ వచ్చి ఇక చాలంటుంది. ఏటా బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చెప్పేదాన్ని. బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ముందు నిలబడ్డ రోజు ఆ బాణాలేవీ అక్కరకు రాలేదు. నా బిడ్డ ఆకలని ఏడవదు. నిద్రపోతూనే ఉంటుంది. పొట్టలోకి గొట్టం గుండా పాలు పోతుంటే కళ్ళు కూడా తెరవదు.

ఇలాంటి బిడ్డను ఇంటికి తెచ్చుకోబోతున్న వాళ్ళ కోసం, తెచ్చుకుని టెన్షన్ పడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీ బిడ్డను చూసే డాక్టర్ చెప్పిన కొలతలే మీకు లెక్క. ఆ కొలతలు ఎందుకో అర్థం కావడానికి ఇది పనికొస్తుంది.

ముందు వారాల లెక్క రాసుకోండి

ఒక పొడుగు నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో మూడు విషయాలు రాయండి: పుట్టిన తేదీ, పుట్టాల్సిన తేదీ, ఎన్నో వారంలో పుట్టింది. 37 వారాలు నిండకుండా పుడితే నెలలు తక్కువ బిడ్డే. 32 వారాల లోపు అయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 40 వారాల్లోంచి పుట్టిన వారం తీసేస్తే ఎన్ని వారాలు ముందొచ్చిందో తెలుస్తుంది. మా పాప 10 వారాలు ముందొచ్చింది. కాబట్టి తను పుట్టి 6 నెలలైనప్పుడు కూడా ఎదుగుదల లెక్కలో సుమారు మూడున్నర నెలల పిల్లే. దీన్నే కరెక్టెడ్ ఏజ్ అంటారు. మెడ నిలబెట్టడం, బోర్లా పడటం, అన్నం మొదలుపెట్టడం అన్నీ ఈ వయసు ప్రకారమే చూడాలి. టీకాలు మాత్రం మామూలుగా పుట్టిన తేదీ నుంచే లెక్క. తూకం మరీ తక్కువైతే పుట్టగానే వేసేవి ఎప్పుడు వేయాలో డాక్టర్ చెప్తారు.

"ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అనే మాట మన వైపు ఇంకా వినబడుతుంది. అది నిజం కాదు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డకు బలమే. 34 వారాల బిడ్డ పరిస్థితి 30 వారాల బిడ్డ కంటే మెరుగ్గా ఉంటుంది. ఈ మాట నమ్మి బెంగపెట్టుకున్న ఎనిమిదో నెల తల్లి ఒకామె మా పక్క బెడ్‌లో ఉండేది. నర్సమ్మ లెక్క వేసి చెప్పేదాకా ఆమె అన్నం ముట్టలేదు.

ఏడుపు కోసం ఎదురు చూడొద్దు

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఆకలితో పనే లేదు. బొడ్డు తాడు గుండా రాత్రీ పగలూ ఆగకుండా ఆహారం అందుతుంది. చివరి మూడు నెలల్లోనే చర్మం కింద కొవ్వు చేరుతుంది. లెప్టిన్ ముఖ్యంగా ఆ కొవ్వులోంచే వస్తుంది, కొంత మాయ కూడా తయారుచేస్తుంది. 30 వారాలకు పుట్టిన బిడ్డకు కొవ్వు చేరే సమయమే దొరకలేదు, మాయ కూడా దూరమైంది. అందుకే వీళ్ళ రక్తంలో లెప్టిన్ తక్కువగా ఉంటుంది.

లెప్టిన్‌ను 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. సన్నం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు పెట్టారు. గ్రీలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా కనిపెట్టారు. పెరగడం అనే అర్థమున్న పాత ధాతువు నుంచి దానికి పేరొచ్చింది. ఎందుకంటే అది ఆకలి పుట్టించడంతో ఆగదు, గ్రోత్ హార్మోన్ విడుదలయ్యేలా కూడా చేస్తుంది. ఆకలి, ఎదుగుదల ఒకే హార్మోన్‌లో ఉండటం నాకు మొదటి నుంచీ వింతగానే ఉంటుంది.

మరి గ్రీలిన్ ఉన్న బిడ్డ ఎందుకు ఏడవదు? రక్తంలో హార్మోన్ ఉంటే సరిపోదు. కబురు అందుకునే మెదడు, నిద్ర లేచే శక్తి, ఏడ్చే ఊపిరి, చప్పరించే దవడ అన్నీ సిద్ధం కావాలి. తినే ముందు పెరగడం, తినగానే తగ్గడం అనే పెద్దవాళ్ళ లయ పసిబిడ్డల్లో ఇంకా కుదురుకోదు. ఆకలి మాట దేవుడెరుగు, చప్పరించి, మింగి, ఊపిరి తీసుకోవడం అనే మూడు పనుల్ని ఒక వరసలో చేయడం కూడా 32-34 వారాలకు గానీ పట్టుబడదు. కాబట్టి మొదట్లో మనకు దారి చూపేది గడియారమే. బిడ్డ ముఖం చూసి పట్టడం ఆ తర్వాత నేర్చుకుంటాం.

పాలు పిండటం మొదటి రోజే మొదలుపెట్టండి

బిడ్డ లోపల, మీరు బయట ఉంటారు. పక్కన బిడ్డ లేకుండా పాలు రావడం కష్టమే. అయినా కాన్పు అయిన మొదటి గంటల్లోనే పిండటం మొదలుపెట్టాలి. రోజుకు 8 సార్లకు తగ్గకూడదు, అందులో ఒకసారి రాత్రిపూట కావాలి. వార్డులో ఇలా పిండిన పాలను ఈబీఎం అంటారు. "అమ్మా, ఈబీఎం తెచ్చినారా" అని మూడు గంటలకోసారి కేక వినబడుతుంది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. చనుమొన నుంచి రెండు వేళ్ళంత వెనక, పైన బొటనవేలు, కింద మిగతా వేళ్ళు పెట్టండి. ముందు ఛాతీ వైపు నొక్కండి, తర్వాత వేళ్ళు రెండూ దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్ళు చర్మం మీద జారకూడదు. జారితే మంట పుడుతుంది, పాలు రావు. నాకు మొదటి రోజు వచ్చింది పసుపు రంగులో నాలుగైదు చుక్కలు. అర చెంచా కూడా లేదని సిగ్గుపడి పారబోయబోయాను. నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, ఆ చుక్కల్నే సిరంజిలోకి లాక్కుని పోయింది. ముర్రుపాలు చుక్కల్లోనే వస్తాయి, ఆ బిడ్డ పొట్టకు ఆ చుక్కలే కొలత.

డబ్బా పాలలో దొరకనివి ఇందులో ఉంటాయి. రోగం రాకుండా కాపాడే పదార్థాలతో పాటు లెప్టిన్, గ్రీలిన్ కూడా తల్లిపాలలో ఉంటాయి. నెలలు నిండని బిడ్డల పేగులు పుండ్లు పడి కుళ్ళిపోయే ఎన్‌ఈసీ అనే జబ్బు తల్లిపాలు తాగేవాళ్ళలో తక్కువ. మీకు పాలు చాలకపోతే, వేరే తల్లులు ఇచ్చిన పాలు దొరికే మదర్ మిల్క్ బ్యాంక్ దగ్గరలో ఉందేమో ముందు అడగండి. డబ్బా మాట దాని తర్వాత.

పిండే కొద్దీ పాలలో కొవ్వు పెరుగుతుంది. మొదట పల్చగా, చివర్లో చిక్కగా వస్తాయి. తూకం సరిగా పెరగని బిడ్డకు ఒక్కోసారి ఆ చివరి పాలు విడిగా పట్టమంటారు. పిండిన పాలు మన ఎండలకు బయట 4 గంటలకు మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో వెనక భాగంలో పెడితే 24 గంటలు ఉంటాయి, తలుపు దగ్గర వద్దు. పొయ్యి మీద కాచొద్దు. వేడి నీళ్ళ గిన్నెలో గ్లాసు పెట్టి గోరువెచ్చగా చేస్తే చాలు.

ఇంక మీ తిండి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నం, అర గ్లాసు నీళ్ళతో సరిపెడితే పాలు ఎక్కడి నుంచి వస్తాయి? దాహమేస్తే నీళ్ళు తాగండి. సంగటి, ఊరిబిండి, పప్పు, గుడ్డు, ఆకుకూర అన్నీ తినొచ్చు. మా అత్తమ్మ మూడు రోజులు ఒప్పుకోలేదు. నాలుగో రోజు డాక్టరమ్మ నోటి నుంచి విన్నాక క్యారియర్‌లో సంగటి వచ్చింది.

గొట్టం నుంచి ఉగ్గు గిన్నెకు, అక్కడి నుంచి రొమ్ముకు

గొట్టం చూసి భయపడొద్దు. పాలు ఎంత పట్టాలన్నది కిలో తూకానికి లెక్క. మొదట కొద్దికొద్దిగా మొదలుపెట్టి, బిడ్డ అరిగించుకునే కొద్దీ పెంచుతూ రోజుకు కిలోకు 150 నుంచి 180 మిల్లీలీటర్ల దాకా తెస్తారు. కిలోన్నర బిడ్డకు కిలోకు 160 చొప్పున 240 మిల్లీలీటర్లు, అంటే రెండు గంటలకోసారి 20. రోజూ రౌండ్స్‌లో ఈ అంకె అడిగి నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. తల్లిపాలకు ఫోర్టిఫయర్ పొడి కలపమంటే కంగారు పడొద్దు. మీ పాలలో లోపమేమీ లేదు. ఇంత చిన్న బిడ్డకు కావాల్సినన్ని మాంసకృత్తులు, కాల్షియం, ఫాస్ఫరస్ ఆ కొన్ని మిల్లీలీటర్లలో పట్టవు, అంతే.

గొట్టం ఉన్న రోజుల్లోనే, డాక్టర్ సరేనంటే, పాలు పిండేసిన రొమ్ము దగ్గర బిడ్డను పెట్టుకుని ఊరికే చప్పరించనివ్వండి. గొట్టంలో పాలు పోతుండగా నోట్లో చప్పరింపు ఉంటే, నోటికీ పొట్టకూ ఉన్న సంబంధం బిడ్డకు తెలిసొస్తుంది. ఇలా చేసిన పిల్లలు నోటితో తాగడం తొందరగా నేర్చుకుంటారు. చప్పరించినప్పుడు పేగుల్లోంచి సీసీకే అనే ఇంకో హార్మోన్ వస్తుంది. పాలు తాగాక బిడ్డ మత్తుగా నిద్రలోకి జారడంలో దానికీ వంతుంది.

తర్వాత ఉగ్గు గిన్నె. ఆస్పత్రిలో పాలాడై అంటారు. మన అవ్వల చేతిలో ఉన్నదే, కొత్త వస్తువేం కాదు. తేడా అంతా పట్టే తీరులో ఉంది. మా అవ్వ బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి పోసేది. అలా వద్దు. బిడ్డను గుడ్డలో చుట్టి, తల ఎత్తుగా ఉండేలా సగం కూర్చున్నట్టు పట్టుకోండి. గిన్నెను సగం కంటే కొంచెం ఎక్కువ నింపండి. ముక్కు లాంటి ఆ కొనను కింది పెదవి మీద, మూతి మూలన ఆనించండి. పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచి ఆగండి. నాలుక బయటికి వస్తుంది, పాలు లాక్కుంటుంది, గొంతు కదులుతుంది. మింగాక ఒక ఊపిరి తీసుకుంటుంది. అప్పుడే మళ్ళీ వంచాలి. మొదటిసారి 12 మిల్లీలీటర్లు పట్టడానికి నాకు 25 నిమిషాలు పట్టింది, మెడ పట్టేసింది. పెదవులు నల్లబడినా, ముక్కు పుటాలు ఎగిరినా, వేళ్ళు విచ్చుకుని బిగుసుకున్నా వెంటనే ఆపి నిటారుగా ఎత్తుకోవాలి. గిన్నెను వాడిన ప్రతిసారీ సబ్బుతో కడిగి 20 నిమిషాలు నీళ్ళలో మరగబెట్టండి. పాల సీసా జోలికి పోవద్దు. శుభ్రం చేయడం కష్టం, పైగా సీసా మరిగిన బిడ్డ రొమ్ము దగ్గర బద్ధకిస్తుంది.

గుండెల మీద పెట్టుకోండి

కంగారూ పద్ధతిని 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టర్ మొదలుపెట్టారు. బిడ్డల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పెట్టెలు చాలక, ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని పెట్టాల్సి వస్తే, తల్లి ఛాతీనే ఇంక్యుబేటర్ చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత త్వరగా మొదలుపెట్టి, వీలైనంత ఎక్కువసేపు అని. గంట సేపు చేసి ఫొటో తీసుకుంటే కంగారూ కాదు!

బిడ్డకు టోపీ, డైపర్, సాక్సులు తప్ప బట్టలొద్దు. మీ రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్పలా కాళ్ళు మడిచి, తల ఒక పక్కకు తిప్పి పెట్టండి. గడ్డం మరీ ఛాతీకి అణగకూడదు, ఊపిరి ఆడాలి. పైన గుడ్డతో కట్టి జాకెట్ లేదా చొక్కా వేసుకోండి. ఇది ఎదుగుదలకు ఎలా పనికొస్తుందంటే, ఒళ్ళు చల్లబడ్డ బిడ్డ తాగిన పాలన్నీ వేడి పుట్టించుకోడానికే ఖర్చు చేస్తుంది. మీ ఒంటి వేడి ఇస్తే ఆ పాలు కండ అవుతాయి. మీకు పాలు కూడా పెరుగుతాయి. జూన్ ఎండల్లో చెమట కారిపోయేది నాకు. స్నానం చేసొచ్చే దాకా మా ఆయన పెట్టుకునేవాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు. రెండో వారానికి "ఇంకో గంట ఉండనీ" అనడం మొదలైంది. నాన్న, అవ్వ, పిన్ని ఎవరైనా పెట్టుకోవచ్చు.

తూకం దిష్టి కాదు

"బిడ్డను ఊరికే తూచకూడదు, దిష్టి" అని ఇంట్లో అంటారు. తూచాలి. కానీ ఎలా తూచాలో తెలియాలి.

పుట్టిన మొదటి రోజుల్లో తూకం తగ్గుతుంది. నెలలు నిండని పిల్లల్లో 10 నుంచి 15 శాతం దాకా తగ్గడం ఉంటుంది. 10-14 రోజులకు పుట్టిన తూకానికి తిరిగి రావాలి. మా పాప ఐదో రోజుకు 1,225కి దిగింది, 13వ రోజుకు మళ్ళీ 1,340. ఆ మధ్య రోజుల్లో నాకు నిద్ర లేదు.

అక్కడి నుంచి కిలో తూకానికి రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలి. లెక్క ఇలా వేయండి. సోమవారం 1,420. పై సోమవారం 1,600. పెరిగింది 180. ఏడుతో భాగిస్తే రోజుకు సుమారు 26 గ్రాములు. రెండు తూకాల సగటు 1.51 కిలోలు. 26ను దాంతో భాగిస్తే 17. బాగుంది. బిడ్డ రెండు కిలోలు దాటాక ఈ భాగహారం మానేసి రోజుకు 20-30 గ్రాములు చూసుకుంటే చాలు. ఒక్క రోజు అంకె చూసి గుండెలు బాదుకోవద్దు. మూత్రం పోసే ముందు తూచారా, పోశాక తూచారా అన్నదానితోనే 20 గ్రాములు మారతాయి. వారానికోసారి, అదే కాటా మీద, అదే వేళకు, బట్టలు లేకుండా తూచండి. అంగన్‌వాడీలో వేలాడదీసే పాతరకం కాటాకు 100 గ్రాముల గీతలుంటాయి, మన పనికి అది చాలదు. 5 లేదా 10 గ్రాములు చూపించే డిజిటల్ కాటా కావాలి. మేము ఒకసారి పక్కింటి అంగడి కాటా మీద దుప్పటి పరిచి తూచాం. అంగడాయన ఖాళీ దుప్పటిని రెండుసార్లు తూచి తీసేసి మరీ చెప్పాడు.

తూకంతో పాటు పొడవు, తల చుట్టుకొలత కూడా వారానికోసారి రాయించుకోండి. తల వారానికి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు, పొడవు ఒక సెంటీమీటరు దాకా పెరగాలి. తల పెరిగితే మెదడు పెరుగుతోందన్నమాట. డాక్టర్ దగ్గర నెలలు నిండని పిల్లల ఎదుగుదల గీతలుండే ఫెంటన్ చార్ట్ గానీ ఇంటర్‌గ్రోత్ చార్ట్ గానీ ఉంటుంది. చుక్కలు పెట్టించుకుని ఫొటో తీసుకోండి. అందరిలో ఎక్కడుందన్నది కాదు, తన గీత పక్కనే తను నడుస్తోందా అన్నది చూడాలి.

ఇక్కడే కళ్ళ సంగతి. నెలలు నిండని పిల్లల కంటి వెనక పొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంది, ఆర్‌ఓపీ అంటారు. ఎదుగుదలకు కావాల్సిన ఐజీఎఫ్-1 అనే హార్మోన్ తక్కువున్న పిల్లల్లో, అంటే మొదటి వారాల్లో తూకం సరిగా పెరగని వాళ్ళలో, ఈ ప్రమాదం ఎక్కువ. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 4 వారాల లోపు కళ్ళ పరీక్ష జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు వాళ్ళకు 2-3 వారాలకే. ఆస్పత్రిలో ఎవరూ చెప్పకపోయినా మీరే అడగండి. డిశ్చార్జ్ అయ్యాక చూద్దాంలే అంటే ఒప్పుకోవద్దు. చెవుల పరీక్ష కూడా చేయించండి.

ఇంటికొచ్చాక: గడియారం, ఆ తర్వాత మూతి

నేను చేసిన తప్పు చెప్తాను. ఇంటికొచ్చిన మూడో రోజు పాప ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోయింది. "సొంతిల్లు కదా, హాయిగా నిద్రపోతోంది" అని అందరం మురిసిపోయాం. మర్నాడూ, ఆ మరుసటి రోజూ అంతే. వారం తర్వాత తూచితే 40 గ్రాములే పెరిగింది. కనీసం 140 పెరగాల్సింది. మూడు గంటలకోసారి లేపి పట్టాలని డిశ్చార్జ్ కాగితంలో లేదు, అడగాలని నాకు తట్టలేదు. పాఠం చెప్పే దాన్నే, చదువుకోలేదు.

మీరు అలారం పెట్టుకోండి. రెండు, రెండున్నర గంటలకోసారి, మూడు దాటకుండా, రాత్రి కూడా. చుట్టిన గుడ్డ వదులు చేయడం, డైపర్ మార్చడం, అరికాళ్ళు రుద్దడం, వీటితో లేస్తుంది. రొమ్ము దగ్గర పది నిమిషాలు తాగి అలిసిపోతే, పిండిన పాలు ఉగ్గు గిన్నెతో పైన పట్టండి. రోజుకు ఆరేడు సార్లయినా మూత్రం పోయాలి.

ఇలా కొన్ని వారాలు గడిచాక మార్పు కనబడుతుంది. అలారం కంటే ముందే కనురెప్పల కింద గుడ్లు కదులుతాయి. నాలుక బయటికొస్తుంది. పిడికిలి నోటి దగ్గరికి పోతుంది. ఇవీ ఆకలి మాటలు. ఏడుపు అన్నిటికంటే చివరిది, ఏడ్చేదాకా ఆగితే సగం బలం ఏడుపుకే పోతుంది. కడుపు నిండినప్పుడు పిడికిలి విచ్చుకుంటుంది, చెయ్యి మెత్తబడి జారుతుంది, మూతి తిప్పుకుంటుంది, పాలు పెదవి పక్క నుంచి కారతాయి. అప్పుడు ఇంకో చెంచా కోసం బలవంతం వద్దు. తూకం సరిగ్గా పెరుగుతోందని డాక్టర్ అన్నాక అలారం తీసేయొచ్చు.

మా ఇంట్లో ఆగస్టు మొదటి వారంలో ఒక రాత్రి రెండింటికి పాప తనంతట తనే లేచి గట్టిగా ఏడ్చింది. మా అత్తమ్మ లైటేసి, "ఏడిచిందే!" అని నవ్వింది. ఏడిస్తే నవ్విన ఇల్లు ఊళ్ళో మాదొక్కటే అయ్యుంటుంది.

చుక్కల మందులు, వద్దన్నవి

విటమిన్ డి, ఐరన్ చుక్కలు రాస్తారు. ఐరన్ సాధారణంగా రెండో వారం తర్వాత, రోజుకు కిలోకు 2-3 మిల్లీగ్రాములు. ఒక జాగ్రత్త: విటమిన్ డి చుక్కలు ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లు, 800 యూనిట్లు అని రెండు రకాలూ దొరుకుతాయి. మందుల అంగట్లో కంపెనీ మార్చి ఇస్తే డోసు రెట్టింపో సగమో అవుతుంది. సీసా మారితే ఫోన్ చేసి కనుక్కోండి.

తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్, పంచదార నీళ్ళు ఏవీ వద్దు. తేనె ఏడాది లోపు ఏ బిడ్డకూ పనికిరాదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు విషమే. చూడ్డానికొచ్చేవాళ్ళు చేతులు కడుక్కుని చూడాలి, జలుబున్నవాళ్ళు గుమ్మం బయటి నుంచి పలకరిస్తే చాలు. తిరుమల కొండ మీద ఏడాది లోపు బిడ్డల తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక దారిలో దర్శనం ఉందని మావాళ్ళు మూడో నెల నుంచే తొందర పెట్టారు. పుట్టు వెంట్రుకలకు ఆగొచ్చు. డిసెంబరు చలిలో, అంత జనంలోకి ఆ బిడ్డను తీసుకుపోవాల్సిన పనిలేదు. స్వామి అక్కడే ఉంటాడు.

పాలు తాగడం మానేసినా, పిలిచినా కదలకపోయినా, ఊపిరి నిమిషానికి 60 దాటినా, డొక్కలు ఎగరేసినా, ఊపిరి ఆగి ఆగి వచ్చినా, అరికాళ్ళు చల్లబడి ఒళ్ళు 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే దిగినా, 37.5 దాటినా, పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా వాంతి చేసుకున్నా, దొడ్డికి రక్తం పడినా, అరచేతుల దాకా పసుపెక్కినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, బిడ్డను గుండెల మీద పెట్టుకునే బయలుదేరండి. తిరుపతిలో రుయా, ప్రసూతి ఆస్పత్రి, చిత్తూరులో జిల్లా ఆస్పత్రి ఉన్నాయి. సర్కారు ఆస్పత్రుల్లో పసిబిడ్డల వైద్యం ఉచితం. డిశ్చార్జ్ కాగితాలు ఒక సంచిలో తలుపు దగ్గరే ఉంచుకోండి.

బొద్దుగా చేయాలన్న తొందర

రెండు మూడు నెలలు దాటి కాస్త కండ పట్టగానే పోటీ మొదలవుతుంది. "ఫలానా వాళ్ళ బిడ్డ బుగ్గలు చూడు." డబ్బా పాల చెంచా గోపురంలా నింపడం, పాలలో బిస్కెట్ నలపడం, నాలుగో నెలలోనే ఉగ్గు పెట్టడం, అన్నీ ఇళ్ళల్లో జరిగేవే. మొదటి నెలల్లో తూకం పెరగడం మెదడుకు అవసరం, అక్కడ పిసినారితనం పనికిరాదు. కానీ ఆ తర్వాత కొవ్వు ఒక్కటే గబగబా పెరిగితే పెద్దయ్యాక షుగర్, బీపీ వైపు మొగ్గు ఉంటుంది. పుణె దగ్గరి పల్లెల్లో 1993 నుంచి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం తల్లుల్ని, బిడ్డల్ని గమనిస్తూ వచ్చింది. మన పిల్లలు ఇంగ్లండు పిల్లల కంటే తక్కువ తూకంతో పుట్టినా, వాళ్ళలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదని తేలింది. సన్నగా కనబడే బిడ్డలోనూ కొవ్వు దాగి ఉంటుందన్నమాట. అందుకే బుగ్గలు చూడొద్దు, పొడవు, తల గీతలు చూడండి.

అన్నం కరెక్టెడ్ ఏజ్ 6 నెలల దగ్గర మొదలుపెట్టాలి. ఆధారమిస్తే కూర్చోవాలి, మెడ నిలవాలి, చెంచా చూస్తే నోరు తెరవాలి. మాకు అది ఫిబ్రవరి మధ్యలో వచ్చింది, పుట్టి 8 నెలలు దాటాక. చెంచా వంచితే జారిపోనంత గట్టిగా రాగి పిండి ఉడికించి, చుక్క నెయ్యి వేసి, మా అత్తమ్మ ఒళ్ళో పాపను కూర్చోబెట్టి పట్టాం. మొదటి చెంచా నాలుకతో బయటికి తోసేసింది. రెండోది లోపలికి పోయింది. మూడోది కూడా. నాలుగో చెంచా దగ్గర పెదవులు బిగించి మూతి తిప్పేసుకుంది. "ఇంకొక్కటి, బంగారూ" అని అత్తమ్మ గడ్డం పట్టుకోబోయింది. నేను గిన్నె మీద మూత పెట్టేశాను.